మిడతలలో మిత్రులు

మిడతంభొట్ల జోస్యము వినని తెలుగుబిడ్డ యుండదు. అయినను మిడతలన్నియు నొక్కటే యని తలచువారు మనలో పెక్కండ్రు. కృష్ణా మండలమున వరిచేల గట్లపై నడచునపుడు కాళ్ల కడ్డముగా నెగురు పురుగులలో రెండు కులములు గలవు.

మీసములు పొట్టివైనచో నది సామాన్యపు మిడత. అవి నూలుపోగులవలె సన్నమై దేహముకంటె పొడవుగా నున్నచో నది పొడవు మీసముల మిడత. మొదటిది పగలు తిరుగుచు, వెనుకకాలిని రెక్కకు రాచి ధ్వని చేయును. దాని చెవులు కడుపు ప్రక్కల నుండును. రెండవది తరచుగా రాత్రివేళ ముందురెక్కలను ఒకదానితో నొకటి రాచి పాడును. దాని చెవులు ముంగాళ్లయందుండుట వింత!

తావును బట్టి వేషము మారును. చేలోని మిడత వరియాకు వన్నె దాల్చి దాగును. కాలువగట్ల జిల్లేడుపై నుండు మిడత పసుపు, నీలి చారలతో పట్టుచీర యంచువలె మెరయును; జిల్లేటి విషమును తన యొడలియందుంచుకొనుటచే దానికి దాగవలసిన పని లేదు. పెరటి చెట్లయందలి పొడవు మీసముల మిడత రెక్కలు ఈనెలతో సహా ఆకునే పోలియుండును.

ఇక మన యన్నము మాట. పొట్టి మీసములది వరియాకులను కొరికి, ఈనిన పిదప కంకులను సైతము చెరచును. ఇది గట్లమట్టిలో గుడ్లు పెట్టును గనుక వేసవిలో గట్లు చెక్కించినచో నా గుడ్లు ఎండకు మాడి, పక్షుల పాలగును. అదే చేలో నుండు చిన్న పొడవు మీసముల మిడత కొంత ఆకు తినినను, కాండము తొలుచు పురుగు గుడ్లను భక్షించును. మొవ్వు ఎండుటకును, గింజలేని తెల్లకంకులకును ఆ పురుగే కారణము. దాని గుడ్లు ఆకుల కొనలయందుండును గనుకనే నాటునపుడు నారు కొనలు త్రుంచుట మేలు.

2020లో ఎడారి మిడతల దండు మహారాష్ట్రము వరకు వచ్చెను. అవియు పొట్టి మీసములవే. అట్టి వార్తలు విన్నవారికి మిడత పేరే భయము గొల్పుట సహజము. కాని ఆ భయముచే మందు చల్లించినచో, శత్రువుతోపాటు మిత్రుడును చచ్చును. తొలుచు పురుగు గుడ్లను తినువారు తగ్గుదురు.

నాట్లు వేయుట, కలుపు తీయుట స్త్రీల పనులే గనుక చేలోని పురుగు ముందుగా మన కంటనే పడును. మిడతకు దారము కట్టి యాడు పిల్లలకు మీసములను చూపి, ఏది యెవరో నేర్పుడు. మందుడబ్బా తెచ్చుటకు ముందు మగవారికిని ఆ మాటయే చెప్పుడు.