లిలువాలో ఒక వీలునామా

ఢిల్లీలో కాపురముండే విలేఖరిని గురించి బంధువర్గంలో ఒక అపోహ ఉంది. పార్లమెంటు ఏ శాసనం చేసినా, సుప్రీంకోర్టు ఏ తీర్పు వెలువరించినా అది అతడి చేతిమీదుగానే జరిగిందని వారి నమ్మకం. ఆ నమ్మకమే ఈ విలేఖరిని ఈ మధ్య లిలువాకు రప్పించింది.

హౌరాలో వర్ధమాన్ వైపు పోయే లోకల్ బండి ఎక్కితే మొదట వచ్చే స్టేషను లిలువా. కూర్చోవడానికి చోటు దొరికేసరికి దిగవలసిన వేళ అవుతుంది. రైలుపెట్టెలూ వ్యాగన్లూ మరమ్మతు చేసే పెద్ద కర్మాగారం 1900 నాటినుంచీ అక్కడ ఉంది. 1928లో నెలల తరబడి సాగిన కార్మికుల సమ్మెతో ఆ ఊరి పేరు దేశమంతటా వినవచ్చింది. మా మేనమామ ఆ కర్మాగారంలో మూడున్నర దశాబ్దాలు పనిచేసి, విశ్రాంతి తీసుకున్న పిమ్మట శ్రీకాకుళం తిరిగి వెళ్ళక, గ్రాండ్ ట్రంక్ రోడ్డుకు చేరువలో చిన్న ఇల్లు కట్టుకొని ఉండిపోయినాడు. వయస్సు డెబ్బై ఎనిమిది. వినికిడి తగ్గింది, మాట తగ్గలేదు.

“అల్లుడూ, నాకు చావు వీలునామా ఒకటి రాసిపెట్టాలి” అన్నాడు, కాఫీ చేతికి ఇస్తూనే.

“చావు వీలునామా కాదు మామయ్యా, లివింగ్ విల్ అంటారు. మనిషి బతికి ఉండగానే, తన మాట తాను చెప్పలేని స్థితిలో అమలయ్యే కాగితం.”

“ఆస్తి అక్కర్లేదు కదా?”

“అక్కర్లేదు.”

“అయితే మనబోటివాళ్ళ కోసం పెట్టిందే!”

ఈ ఛలోక్తి వెనుక ఉన్న సంగతి నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం అత్తయ్యకు పక్షవాతం వచ్చి, గంగకు ఆవలి ఒడ్డున ఒక ఆస్పత్రిలో పందొమ్మిది రోజులు కృత్రిమ శ్వాస మీద ఉన్నది. ఖరగ్‌పూర్‌లో ఉన్న కూతురు “అమ్మను ఇంక హింసించవద్దు” అన్నది. అమెరికాలో ఉన్న కొడుకు “నేను వచ్చేదాకా ఏదీ తీయవద్దు” అన్నాడు. అతడికి సెలవు దొరికి వచ్చేసరికి పదిహేడు రోజులు గడిచినాయి. అన్నాచెల్లెళ్ళకు అప్పటినుంచీ మాటలు లేవు. “ఆ పందొమ్మిది రోజుల్లో వాళ్ళు పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాను అల్లుడూ. ఆవిడకు ఏం కావాలో అడిగిన కాగితం ఒక్కటీ లేదు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో నేనూ అడగలేదు” అన్నాడు మామయ్య.

కాగితం మాట ఎత్తినాడు కనుక దాని పూర్వాపరాలు చెప్పవలసి వచ్చింది. లివింగ్ విల్ అనే ఊహను 1960లలో ప్రచారంలోకి తెచ్చినవాడు లూయీస్ కట్నర్ అనే అమెరికా న్యాయవాది. 1976లో కాలిఫోర్నియా రాష్ట్రం దానికి చట్టరూపం ఇచ్చింది. మనదేశంలో హెచ్.డి. శౌరి స్థాపించిన ‘కామన్ కాజ్’ సంస్థ ఈ హక్కు కోసం 2005లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఆ మరుసటి ఏడు లా కమిషన్ తన 196వ నివేదికలో ఇటువంటి పత్రాలు చెల్లవనాలని సిఫారసు చేసింది. అప్పటి అధ్యక్షులు మన జస్టిస్ ఎం. జగన్నాధరావుగారే. దుర్వినియోగం జరుగుతుందన్నది వారి భయం. మన ఆస్తి తగాదాలు ఎరిగినవారెవరూ ఆ భయాన్ని తోసిపుచ్చలేరు. అయినా అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 మార్చి 9న ఆ పత్రం చెల్లుతుందని తీర్పు చెప్పింది. గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమన్నది. గౌరవంగా మరణించదలచినవారు పదమూడేళ్ళపాటు ఓపికగా జీవించి ఉండవలసి వచ్చిందన్నమాట.

తెలుగువారికి ఈ చర్చ అంతకుముందే ఇంటిదాకా వచ్చింది. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో మంచం పట్టిన చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్, తన అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్ళిపోతానని కోరినాడు. తల్లి ఆ కోరికతో హైకోర్టుకు వెళ్ళింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతడు కన్నుమూసినాడు. అతడు కోరినది మాత్రం ఈ కాగితం ఇచ్చేది కాదు; నేటికీ ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీయమని వ్రాస్తే ఆ వాక్యం చెల్లదు. నయమయ్యే ఆశ లేనప్పుడు యంత్రాలతో ఊపిరిని పొడిగించవద్దని మాత్రమే వ్రాయవచ్చు.

మామయ్య వెంటనే గ్రహించినాడు. “ఇది మా కర్మాగారంలో ఉన్నదే! బాగుపడని వ్యాగన్‌కు ‘కండెమ్’ ముద్ర వేస్తాం. ఆ తర్వాత దానికి ఎవరూ కొత్త చక్రాలు వేయరు. అలాగని సుత్తి పట్టుకొని పగలగొట్టరు. పక్క లైనులో నిలబెడతారు.” ఇంత స్పష్టమైన వ్యాఖ్యానం సుప్రీంకోర్టు వరండాలలోనూ నేను వినలేదు. ముద్ర వేసే అధికారం ఒక్కడికి ఉండదనీ ఆయనే గుర్తుచేసినాడు. ఇక్కడా అంతే. చికిత్స చేసే వైద్యుడూ, కనీసం అయిదేళ్ళ అనుభవమున్న మరి ఇద్దరు నిపుణులూ కలిసి మొదటి బోర్డు. జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరుతో కూడిన రెండవ బోర్డు. ఒక్కొక్కటీ వీలయినంతవరకు నలభై ఎనిమిది గంటలలో అభిప్రాయం చెప్పాలి. ఆ తరువాత ఆస్పత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

2018 నాటి పద్ధతిలో వీలునామా మీద మేజిస్ట్రేటు సంతకం కూడా కావాలన్నారు. ఆ సంతకం సంపాదించేలోగా మనిషికి వీలునామా అవసరమే తీరిపోతుందని వైద్యులు మొర పెట్టుకోగా, 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నాయకత్వంలోని ధర్మాసనం దానిని సడలించింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరణ, అంతే. 2014 ప్రాంతంలో స్వీయ ధ్రువీకరణ వచ్చి, ఆకుపచ్చ సిరా కలం పట్టుకొని కూర్చున్న గెజిటెడ్ అధికారులకు పని తగ్గిపోయింది. వారికి సర్వోన్నత న్యాయస్థానం మళ్ళీ ఉపాధి కల్పించింది. రైల్వే ఊరిలో వారికి కొరత లేదు గనుక మామయ్య నోటరీ రుసుము మిగిలిందని సంతోషించినాడు.

పత్రం ప్రతి ఒకటి స్థానిక సంస్థలో నియమితుడైన అధికారి వద్ద ఉండాలి. ఇక్కడ లిలువా వాసికి ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. బాలీ పురపాలక సంఘాన్ని 2015లో హౌరా నగరపాలక సంస్థలో కలిపినారు. 2021లో విడదీస్తూ శాసనసభ బిల్లు ఆమోదించింది. తన కాగితం ఏ కార్యాలయానికి చెందుతుందో తేల్చుకొనే యత్నంలో పౌరుడు ఆయుర్దాయం పెంచుకోవచ్చు. గోవాలో ఈ ఏర్పాటు ముందుగా జరిగింది. అక్కడి హైకోర్టు బెంచి న్యాయమూర్తి జస్టిస్ ఎం.ఎస్. సోనక్ 2024 మే 31న స్వయంగా తమ పత్రం నమోదు చేయించుకున్నారు. కుటుంబ వైద్యుడికీ, కూతురికీ, కొడుకుకూ ప్రతులు ఇవ్వమని నేను గట్టిగా చెప్పినాను. బీరువాలో పట్టుచీరల అడుగున భద్రపరచిన లివింగ్ విల్ పదకొండవనాడు బయటపడి ఎవరికీ ఉపకరించదు.

ఇక ముసాయిదా. మామయ్య అప్పటికే తెలుగులో వ్రాసి ఉంచినాడు. మొదటి షరతు: “నేను పులిహోర వాసన గుర్తుపట్టని స్థితికి వచ్చినచో.” జలుబు చేసినా ఆ షరతు వర్తిస్తుందని చెప్పి కొట్టివేయించినాను. రెండవది: “ఎవరికీ భారం కాకుండా పంపించవలెను.” ఇటువంటి వాక్యాలే ప్రమాదకరం, భారం ఎవరికో, ఎప్పుడో డాక్టరు ఎలా తూచగలడు? వెంటిలేటరు వద్దా, ఆగిన గుండెను మళ్ళీ కొట్టించే యత్నం వద్దా, డయాలిసిస్ వద్దా, గొట్టం ద్వారా ఆహారం వద్దా, ఒక్కొక్కటి విడిగా వ్రాయాలి. నొప్పి తగ్గించే మందు మాత్రం చివరిదాకా ఇవ్వాలని వ్రాయడం మరువరాదు. ఎప్పుడు మనసు మారినా వ్రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. బెంగాలీ డాక్టరు తెలుగు చదవలేడు గనుక ఇంగ్లీషులో వ్రాసి, ఆయన ముచ్చట కోసం తెలుగు ప్రతిని జతపరచినాము. మూడవ షరతు, ఐసీయూలో ఉండగా తన ఫోటో తీసి బంధువులకు పంపకూడదన్నది, న్యాయశాస్త్రానికి అందకపోయినా నేను తీసివేయలేదు.

దేహదానం సంగతి ఈ పత్రంలో ఇమడదు, వేరే వ్రాయాలి. దానికి కలకత్తాలో ఘనమైన వారసత్వం ఉంది. 1946లో రైల్వే కార్మికుల నియోజకవర్గం నుంచి బెంగాల్ శాసనసభకు ఎన్నికైన జ్యోతిబసు, 2010 జనవరి 17న మరణించినప్పుడు దేహం వైద్యవిద్యకే వెళ్ళింది. అంతకన్నా మనకు దగ్గరివాడు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో కలకత్తా వచ్చి భారతీయుడైపోయిన ఈ శాస్త్రజ్ఞుడు క్యాన్సర్ సోకితే దానిమీద హాస్యకవిత వ్రాసినాడు. తన సంస్మరణను తానే బి.బి.సి.కి రికార్డు చేసి ఇచ్చినాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయిన తరువాత, ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. “కాకినాడ దాకా ఎవరు మోస్తారులే. ఇక్కడే ఇస్తాను” అన్నాడు మామయ్య.

చివరి గడి మిగిలింది. తాను మాట్లాడలేనప్పుడు ఎవరి మాట వినాలి? అక్కడ కలం ఆగిపోయింది. కూతురి పేరు వ్రాస్తే కొడుకుకు మనసు కష్టం. కొడుకు పేరు వ్రాస్తే మళ్ళీ పదిహేడు రోజులు. ఒకరికన్న ఎక్కువమంది పేర్లు వ్రాయవచ్చునని 2023 సవరణ చెబుతున్నది గానీ, మాటలు లేని ఇద్దరి పేర్లు ఒకే గడిలో ఎలా వ్రాయడం?

రాత్రి పదిన్నరకు మామయ్య అమెరికాకు ఫోన్ చేసినాడు. ముసాయిదా అంతా చదివి వినిపించినాడు. అవతలనుంచి చాలాసేపు ఏ సవ్వడీ లేదు. తరువాత కొడుకు అన్నాడు: “దాని పేరు ముందు రాయండి నాన్నా. నాది కింద రాయండి. అమ్మ విషయంలో నేను రావడం ఆలస్యమైందని దానికి మీరు చెప్పకండి. నేనే చెబుతాను. నంబరు అదేనా?”

మామయ్య ఖరగ్‌పూర్ నంబరు రెండుసార్లు చదివినాడు. ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు తుడుచుకొని, కూతురి పేరు ముందు వ్రాసినాడు. తెల్లవారి గెజిటెడ్ అధికారి ఇంటికి వెళ్ళేసరికి ఆయన సెలవులో ఉన్నాడు.