రాకుమారిని నిద్రలేపిన మరిన్‌స్కీ

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో క్ర్యూకోవ్ కాలువ పక్కన లేత ఆకుపచ్చ రంగు భవనం ఒకటుంది. అదే మరిన్‌స్కీ థియేటర్. ఒకప్పుడు అక్కడ గుర్రాల సర్కస్ శాల ఉండేది. 1859లో అది కాలిపోయాక, ఆల్బర్టో కావోస్ అనే వాస్తుశిల్పి అదే చోట ఈ రంగశాలను కట్టాడు. 1860లో తలుపులు తెరిచి, జార్ రెండో అలెగ్జాండర్ భార్య మరియా పేరు పెట్టారు. లోపలంతా నీలం, బంగారు వన్నె.

1890 జనవరి 15న ‘స్లీపింగ్ బ్యూటీ’ బ్యాలే తొలిసారి ఈ వేదిక మీదే ఆడింది. పిల్లల కథను నాట్యంగా మలచడం నేర్చుకోవాలంటే, నా దృష్టిలో ఇంతకు మించిన పాఠం లేదు.

ఆలోచన రాజాస్థాన రంగశాలల డైరెక్టర్ ఇవాన్ ఫ్సెవలోజ్‌స్కీది. దుస్తులకు బొమ్మలు గీసిందీ ఆయనే. సంగీతం చైకోవ్‌స్కీ, నృత్యరచన మారియస్ పెటిపా. ఏ ఘట్టానికి ఏ లయ కావాలో, ఎంతసేపు సాగాలో పెటిపా ముందే రాసిచ్చాడు. చైకోవ్‌స్కీ అంతటివాడు ఆ కొలతలకు లోబడే తన గొప్ప సంగీతాల్లో ఒకటి రాశాడు.

అసలు కథ 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో అచ్చువేసింది. అందులో రాకుమారి మేల్కొన్నాక ఇంకా సగం కథ మిగిలే ఉంటుంది. రాకుమారుడి తల్లి రాక్షస జాతిది. మనవలనీ కోడలినీ వండించుకు తినాలని చూస్తుంది! బ్యాలే ఆ భాగాన్ని పూర్తిగా వదిలేసింది. పెరో కథలో రాకుమారుడు మోకరిల్లేసరికి శాపపు నిద్రకు నూరేళ్ల గడువు తీరి ఆమె కళ్లు తెరుస్తుంది. వేదిక మీద మాత్రం ముద్దుతోనే మేల్కొంటుంది. గడువు తీరడం కంటికి కనిపించదు, ముద్దు చిట్టచివరి వరసకూ కనిపిస్తుంది.

తీసేసినదానికన్నా పెంచినదే గొప్ప. రాకుమారి పెరిగి పెద్దదయిందని చెప్పడానికి కథకుడికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యాన్ని పెటిపా ‘రోజ్ అడాజియో’ చేశాడు. పుట్టినరోజున నలుగురు రాకుమారులు వరసగా రాకుమారి అరోరా చేయి అందుకుంటారు. ఆమె ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి, ఒకరి చేయి వదిలి, ఆసరా లేకుండా ఒక్క క్షణం ఆగి, మరొకరి చేయి పట్టుకుంటుంది. ఎవరి అండా లేకుండా నిలబడడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్ల మనసంతా ఆ ఒక్క క్షణంలో ఉంటుంది. తొలి ప్రదర్శనలో అరోరా ఇటలీ నర్తకి కార్లొట్టా బ్రియాంజా. రాకుమారికి శాపమిచ్చే దుష్ట దేవకన్య కారబోస్‌గా చేసింది ఎన్రికో చెకెట్టి అనే పురుషుడు. కూచిపూడిలో సత్యభామ వేషం మగవారు కట్టడం ఎరిగిన మనకు ఇది వింతేమీ కాదు. అదే రాత్రి నీలిపిట్ట వేషంలో గాలిలో తేలిందీ చెకెట్టీయే.

ఆఖరి అంకంలో కథే లేదని కొందరంటారు. నిజమే, అదంతా పెళ్లి సంబరం. బూట్ల పిల్లి, తోడేలుతో ఎర్రటోపీ పిల్ల, ఇతర కథల వాళ్లంతా వచ్చి ఆడతారు. నూరేళ్ల నిద్ర తర్వాత అంత సందడి ఉండాల్సిందే.

చిన్ననాడు ఇక్కడే ఈ బ్యాలే చూసి నర్తకి కావాలని తీర్మానించుకున్న అన్నా పావ్లోవా తర్వాత ఇదే వేదిక మీద వెలిగింది. రష్యా విప్లవం తర్వాత, ఈ రంగశాలకు చెందిన నికొలాయ్ సెర్గేయెవ్ ఈ బ్యాలే నాట్యాల గమనాలు రాసుకున్న కాగితాలను దేశం దాటించాడు. అవిప్పుడు హార్వర్డ్‌లో ఉన్నాయి. వాటి ఆధారంగానే 1999లో మరిన్‌స్కీ 1890 నాటి రూపాన్ని మళ్లీ కట్టింది.

ఈ బ్యాలే చూసే ముందు దాని తొలి సంగీతాన్ని ఒకసారి వినండి. మొదట గద్దించేది కారబోస్, ఆ వెంటనే ఊరడించేది మంచి దేవకన్య లైలాక్. ఆ రెండు స్వరాలు గుర్తుపడితే చాలు, పక్కనుండి ఎవరూ కథ చెప్పనక్కర్లేదు.