వణుకు కనిపిస్తుంది... మరి నొప్పి?

కొబ్బరితోటలో పనిచేసే మనిషికి భుజం నొప్పెడితే ఉద్దానంలో ఎవరూ ఆశ్చర్యపోరు. 'వాతం' అంటారు. నూనె రాస్తారు. తగ్గకపోతే మందుల షాపులో రెండు నొప్పి బిళ్లలు. కానీ ఆ నొప్పి ఒకవైపే ఉండి, నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం మానేసి, పని బాగా నెమ్మదించిందంటే... అది వాతం కాకపోవచ్చు. పార్కిన్సన్స్ కావచ్చు!

ఈ జబ్బనగానే మనకి గుర్తొచ్చేది వణుకే. అయితే 1817లో దీని గురించి మొదట వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ కూడా కీళ్లవాతం లాంటి నొప్పుల్ని ప్రస్తావించాడు.

మెదడులోని డోపమైన్ కదలికల్నే కాదు, నొప్పి తీవ్రతనీ అదుపుచేస్తుంది. అది తగ్గితే ఇతరులకి చిన్నదనిపించే పోటు వీళ్లకి పెద్దదవుతుంది. లెవోడోపా మాత్ర వేసుకున్నాక నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతున్నట్టు పరీక్షల్లో తేలింది. (మన దూలగొండి గింజల్లో ఉండేదీ ఈ లెవోడోపానే. అలాగని నూరుకుని తాగేయకండి... మోతాదు ఎవరు లెక్కగడతారు?) రాత్రి వేసుకున్న మందు ప్రభావం తగ్గిపోయి, తెల్లవారుజామున పాదం మెలితిరిగి వేళ్లు ముడుచుకుపోయే బాధ కొందరికి అదనం.

చిత్రమేమిటంటే, ఇంత బాధా ముఖంలో కనిపించదు. ముఖకండరాలు బిగుసుకుని ఏ భావమూ పలకదు. గొంతూ సన్నగిల్లుతుంది. 'నాన్న బాగానే కూర్చున్నాడు కదా' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. లోపల భుజం సలిపేస్తూంటుంది! కాబట్టి ముఖం చూసి కాదు, అడిగి తెలుసుకోవాలి. ఎక్కడ నొప్పి? ఏ వేళకి? మాత్ర వేసుకున్నాక తగ్గుతోందా? ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు డాక్టరుకి బాగా పనికొస్తుంది. మాత్రల వేళలు మారిస్తేనే కొందరికి నొప్పి తగ్గిపోతుంది.

శ్రీకాకుళం జిల్లాలో ఇది మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్ని కిడ్నీ జబ్బు ఏళ్లతరబడి పీడిస్తోంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి బిళ్లలు అసలే బలహీనపడ్డ కిడ్నీల్ని ఇంకా దెబ్బతీస్తాయి. పార్కిన్సన్స్ నొప్పిని వాతమనుకుని నెలలకొద్దీ వాటిని మింగితే జబ్బు జబ్బులాగే ఉంటుంది, కిడ్నీలకి ముప్పు పెరుగుతుంది.

శ్రీకాకుళమైనా విజయనగరమైనా, అనుమానముంటే న్యూరాలజీ డాక్టరుకి చూపించండి. విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు నొప్పి వచ్చిన వేళలు, మాత్ర వేసుకున్న వేళలు ఓ కాగితం మీద రాసుకెళ్లండి. షాపులో కొన్న నొప్పి బిళ్లల అట్టలు కూడా పట్టుకెళ్లండి.