వంతెన వేశాం... కాపలా ఏదీ?

కొన్నేళ్ల కిందట ఒక విద్యుత్ సబ్‌స్టేషన్‌లో రెండు నెట్‌వర్క్‌లను కలిపాను. ఒకవైపు మీటర్లు, రిలేలు ఉన్న పాత సీరియల్ లైను. మరోవైపు ఆఫీసు ఈథర్‌నెట్. మధ్యలో అరచేతిలో పట్టే గేట్‌వే పెట్టె. బాడ్ రేటు, పరికరాల నంబర్లు సరిచూసి ఆన్ చేయగానే రీడింగులన్నీ అధికారి టేబుల్ మీది తెరపైకి వచ్చాయి. అందరం సంబరపడ్డాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1979లో పుట్టిన మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అన్నదే తెలియదు. అడిగిందెవరో చూడకుండా చెప్పింది చేస్తుంది. రీడింగు వచ్చే దారిలోనే బ్రేకరు తెరిచే ఆదేశమూ వెళ్లగలదు. మర్నాడే వెళ్లి, మార్పులు చేసే 5, 6, 15, 16 నంబర్ల ఆదేశాలను గేట్‌వేలో ఆపేశాను. చదివేవే ఉంచాను.

ఇది ఉత్త భయం కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకగలదు. ఇరాన్‌లోని నతాంజ్ సెంట్రిఫ్యూజులను దెబ్బతీసింది. 2019లో కూడంకుళం వార్తల తర్వాత, తమ పరిపాలనా నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ చేరిందని ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది. కీలక నెట్‌వర్క్ విడిగా ఉన్నందున ప్లాంటుకు ముప్పు లేదని చెప్పింది.

కలపక తప్పనిచోట డేటా డయోడ్ ఉంది. ఫైబర్‌కు ఒకవైపు కాంతిని పంపే పరికరమే, అవతల అందుకునేదే. సాఫ్ట్‌వేర్ మోసపోయినా ఆదేశం వెనక్కి రాదు.

కలపడం గంట పని. ఏది దాటకూడదో తేల్చడమే అసలు పని. సరిహద్దులో ప్రతి చెక్‌పోస్టుకూ లెక్క ఉంటుంది. ఈ చిన్న పెట్టెలకూ ఉండాలి కదా!