అభిరుచికి ఒక చరిత్ర ఉంది

అభిరుచి వ్యక్తిగతమైనదనీ, దానిమీద వాదం అనవసరమనీ మన సాహిత్య చర్చల్లో తరచు అంటూ ఉంటారు. ఈ మాట పైకి ఎంతో ప్రజాస్వామికంగా కనిపిస్తుంది. కాని అభిరుచి ఎక్కడ పుడుతుంది, ఎందుకు మారుతుంది అన్న ప్రశ్నను మొదట్లోనే మూసివేస్తుంది. సాహిత్యంలో మన ఇష్టాలకు సిద్ధాంతాలు తొడగడం మనకు అలవాటైపోయింది గనుక, ఇక్కడ సంగీతాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను. ముప్పై అయిదేళ్ళుగా వింటున్నవాణ్ణి మాత్రమే.

మన ఆలంకారికులు ఈ విషయంలో ముందే ఒక మంచి మాట చెప్పారు. కావ్యాలను పదేపదే అనుశీలించడం వల్ల అద్దంలా నిర్మలమైన మనసు గలవాడే సహృదయుడని అభినవగుప్తుడు ‘లోచనం’లో నిర్వచించాడు. అంటే సహృదయత అభ్యాసంతో వచ్చేది. అయితే ఆ అభ్యాసానికి కావలసిన తీరిక, సాధనం ఎవరికి దొరుకుతాయన్నది ఆ నిర్వచనంలో లేదు. మనం చూడవలసింది అదే.

చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో ఒక్కటే సంగీత సాధనం. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజనితో మొదలయ్యేది. సినిమా పాట కోసం కాచుకుని కూర్చుని, నేను కోరని హరికథా, కచేరీ, పల్లెపదమూ విన్నాను. హైస్కూలుకు వచ్చేసరికి క్యాసెట్ల కాలం. రికార్డింగు షాపులో పాటల చీటీ రాసి ఇస్తే అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవారు. ఒక్కో పక్కన ఆరేడు పాటలే పడతాయి. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అన్న విమర్శ నాకు మొదట నేర్పింది ఆ చీటీయే.

డిగ్రీలో ఉండగా ‘శంకరాభరణం’ (1980) క్యాసెట్టు నన్ను బాలమురళీకృష్ణ దాకా తీసుకుపోయింది. ఆ మేలుతోపాటే ఒక అహంకారమూ అంటుకుంది. రాగం పేరు తెలియని పాట పాటే కాదనుకున్నాను. మా అమ్మ పాడే నాట్ల పాటలు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయని ఎగతాళి కూడా చేశాను.

తర్వాత ఒకసారి పెళ్ళిలో, భోజనాల వేళ, నాదస్వర మేళం మోహన వాయిస్తున్నది. ఎవరూ వినడం లేదు. ‘మాయాబజార్’ (1957)లోని వెన్నెల పడవ పాట ఆ రాగంలోనిదే గనుక గుర్తుపట్టాను. మోహనకు ఉన్నవీ అయిదు స్వరాలే! వాటిని మా అమ్మ పాటలో లేమిగానూ, కచేరీలో అందంగానూ లెక్కగట్టింది నా చెవి కాదు, నేను నేర్చుకున్న అంతస్తు. నేటి ప్రకాశం జిల్లా కరవదిలో ముస్లిం కుటుంబంలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వరాన్ని వెతుక్కుని విన్నది ఆ పెళ్ళి తర్వాతే. అంతకుముందు ఆ వాద్యం నాకు పెళ్ళి సందడి మాత్రమే.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు, విస్తారంగా సాగే గానం సుమారు మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చింది. పాట నిడివిని యంత్రం నిర్ణయించింది. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ శ్రోతల అభిరుచిని ఉద్ధరించాలని ఆకాశవాణిలో సినిమా పాటలను అణచివేశారు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. చివరకు 1957లో ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించక తప్పలేదు. అభిరుచిని ఆజ్ఞతో మార్చలేమనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఈ చరిత్ర తెలిసి కూడా నేను అదే తప్పు చేశాను. కొన్నేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు బల్లమీద దరువు వేస్తూ ఏదో పాడుకుంటుంటే, “ఏమిట్రా ఆ చప్పుడు? పాడితే మంచి పాట పాడు” అన్నాను. తరగతంతా నవ్వింది. ఆ ఏడు ఊరి జాతరలో వాళ్ళ నాన్న మంట దగ్గర డప్పు కాచి వాయించడం చూశాను. కుడిచేతి సిర్రదొక నడక, ఎడమచేతి సిటికెన పుల్లదొక నడక. అయినా తాళం చెదరలేదు. కుర్రవాడి వేళ్ళు బల్లమీద పలికించింది ఆ దరువునే. తరగతిలో నవ్వులపాలయింది తరతరాలుగా అంటరానితనాన్ని భరించిన వాడలో పెరిగిన విద్య. తర్వాత నేనే అతన్ని పాడమని అడిగాను. “రాదు సార్” అన్నాడు. బడి వదిలి వెళ్ళేదాకా ఆ మాట మార్చలేదు.

ఈనాడు పాట సెల్‌ఫోనులోకి వచ్చింది. ఇంతవరకూ మనం విన్నదాన్ని లెక్కగట్టి, అలాంటిదాన్నే యంత్రం మళ్ళీ వినిపిస్తుంది. రేడియోలో కోరనిది కూడా చెవిన పడేది. ఇక్కడ మన ఇష్టమే మనకు కంచె అవుతున్నది. అయితే మా బజారు దుకాణాల్లో నాకెన్నడూ దొరకని షేక్ నాజర్ బుర్రకథ దొరికిందీ ఆ ఫోనులోనే. కాబట్టి యంత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు. ఎంపిక ఎవరి చేతిలో ఉంది, వారి లాభం ఏమిటి అని అడగడం ముఖ్యం.

అలాగని అన్ని పాటలూ సమానమేననడం నా ఉద్దేశం కాదు. మనిషిని కించపరిచే పాటను కాదనవలసిందే. కాని కాదనే ముందు, ఆ తీర్పు చెబుతున్న మన చెవి ఎక్కడ తయారయిందో చూసుకోవాలి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు ఆ కళారూపాన్ని జనం దగ్గర నేర్చుకుంది. ఆ తర్వాతే దానిలో కొత్త కథ చెప్పింది. కవితను తూచే విమర్శకునికీ, పాఠం చెప్పే ఉపాధ్యాయునికీ ఆ వరుసే శరణ్యం. ముందు వినాలి, తర్వాతే తీర్పు. నేను ఆ వరుస తప్పినందుకు ఒక పిల్లవాడి పాట పోయింది.