స్ప్రే బూత్ ఫిల్టర్: ఆపడమే కాదు, వదలడమూ దాని పనే

గొంతు నొప్పికి మందు కొట్టే పరికరం నుంచి కార్లకు రంగు కొట్టే గన్ పుట్టింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరంలో అలెన్ డివిల్‌బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులోకి మందును తుంపరగా పంపే అటమైజర్‌ను తయారుచేసి, 1888లో కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు టామస్ 1907లో అదే సూత్రంతో స్ప్రే గన్‌ను రూపొందించాడు. అప్పట్లో కార్లకు వార్నిష్‌ను కుంచెతో పూసేవారు. పూతలన్నీ ఆరి బండి బయటికి రావడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో లాకర్ 1924 మోడల్ ఓక్లండ్ కార్ల మీదికి వచ్చాక ఆ వారాలు గంటలయ్యాయి. ఇట్టే ఆరిపోయే లాకర్‌ను కుంచెతో నున్నగా పూయడం కష్టం కనుక కార్ల ఫ్యాక్టరీల్లో గన్ స్థిరపడింది. దానితోపాటే కొత్త చిక్కూ వచ్చింది. గన్ చిమ్మిన రంగంతా రేకుకు అంటదు. మిగిలింది పొగమంచులా గదిలో తేలుతుంది, మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఆ మబ్బును బయటికి లాగేయడానికి బూత్, బయటికి పోయేముందు అందులోని రంగును పట్టుకోవడానికి నీటి తెర, పొడి ఫిల్టర్ వచ్చాయి.

ఈ చరిత్రను బట్టి చూస్తే బూత్ ప్రధానంగా గాలిని నడిపించే యంత్రం. ఫిల్టర్లు ఆ నడకకు తోడ్పడాలి తప్ప అడ్డం పడకూడదు. గాలి పైకప్పు నుంచి నేలకు దిగే బూత్‌లో ఇవి రెండు రకాల పని చేస్తాయి. లోపలికి వచ్చే గాలిలోని ముతక దుమ్మును ప్రీ ఫిల్టర్ ఆపుతుంది. ఆ తర్వాత సీలింగ్ ఫిల్టర్ మిగిలిన సన్న దుమ్మును పట్టి, గాలిని సుడులు లేకుండా కప్పంతటా సమంగా దింపుతుంది. కింద ఉండే ఫ్లోర్ ఫిల్టర్, అంటే పెయింట్ స్టాప్, పనే వేరు. అది పట్టాల్సింది దుమ్మును కాదు, జిగురుగా ఉండే రంగు తుంపరను. గాలి వంపు తిరిగినా బరువైన తుంపర అంత తేలిగ్గా తిరగలేక ఫిల్టర్ పోగుకు కొట్టుకుని అక్కడే అంటుకుంటుంది. అందుకే ఈ ఫిల్టర్ ముందువైపు వదులుగా, వెనక్కు వెళ్లేకొద్దీ చిక్కగా ఉంటుంది. తిరగేసి బిగిస్తే రంగంతా పైపొర మీదే గడ్డకట్టి లోపలి మందం వృథా అవుతుంది. సీలింగ్ ఫిల్టర్‌కు ఉండే వల వైపు కిందికి, బూత్ లోపలికి ఉండాలి. పోగులు ఊడి తడి రంగు మీద పడకుండా ఆపేది ఆ వలే.

అలాంటప్పుడు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లలో వాడే హెపా ఫిల్టర్‌నే కప్పుకు పెడితే సరిపోదా అని అడగవచ్చు. హెపా 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం ఆపుతుంది. కానీ పూత మీద గింజలా కంటికి కనిపించే దుమ్ము సాధారణంగా 10 మైక్రాన్లకు పైబడినదే. దాన్ని పట్టడానికి మామూలు సీలింగ్ ఫిల్టర్ చాలు. అక్కర్లేని సన్నదనానికి మూల్యం గాలి ఒత్తిడిలో చెల్లించాలి. ఫ్యాన్ ఆ భారం మోయలేకపోతే గాలి మందగిస్తుంది, రంగు మబ్బు కారు చుట్టూనే తిరిగి పూత గరుకవుతుంది. తలుపు సందుల్లోంచి వీధి దుమ్ము లోపలికి చొరబడుతుంది. మంచి ఫిల్టర్ వేసిన పాపానికి పూత చెడుతుంది.

ఫిల్టర్ ఎంత సన్న కణాలను పడుతుందో చెప్పే గ్రేడు కన్నా దాని బిగింపు ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఫిల్టర్‌కు రెండు వైపులా ఒత్తిడి తేడా 25 పాస్కల్స్ అనుకుందాం. ఫిల్టర్ గుండా గాలి సెకనుకు సుమారు 0.4 మీటర్ల వేగంతో దిగుతుంటే, అదే ఒత్తిడికి అంచున ఉన్న సందులోంచి దాదాపు 4 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. అంటే కప్పు వైశాల్యంలో ఒక్క శాతం సందు ఉన్నా దాదాపు పదో వంతు గాలి వడపోత లేకుండానే దిగుతుంది. ఫ్రేమ్‌కు సరిపడా కొలతతో కోసిన ఫిల్టర్ పొర, నలగని అంచులు, గట్టి క్లిప్పులు ఇక్కడ కాపాడతాయి. ఖరీదైన గ్రేడు ఆ సందును పూడ్చలేదు.

దుమ్ము పట్టేకొద్దీ ఫిల్టర్ ఇంకా బాగా వడకడుతుంది, తొందరపడి మార్చడమెందుకు అనేది మరో వాదన. మొదటి సగం నిజమే. నిండే ఫిల్టర్ ఎక్కువ కణాలను పడుతుంది, కానీ గాలిని తక్కువ వదులుతుంది. కాబట్టి మార్చే రోజును క్యాలెండరో మురికి రంగో నిర్ణయించకూడదు. కొత్త ఫిల్టర్ పెట్టిన రోజు ప్రెజర్ గేజ్ చూపిన అంకె రాసి పెట్టుకుని, తయారీదారు చెప్పిన గరిష్ఠ అంకెకు చేరగానే మార్చాలి. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు గాలి వేగం సరిపడా ఉందని తెలిపే గేజ్‌నో అలారాన్నో కోరుతున్నాయి. తీసేసిన ఫిల్టర్లను వెంటనే దూరంగా పెట్టాలని, లేదా నీళ్లున్న లోహపు డబ్బాలో వేయాలని కూడా అవే చెబుతున్నాయి. రంగు పీల్చిన పోగులు వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. అక్కడి పర్యావరణ సంస్థ 2008 నిబంధన ప్రకారం బూత్ ఎగ్జాస్ట్ ఫిల్టర్ కనీసం 98 శాతం రంగు తుంపరను పట్టాలి.

షెడ్డులో ఫిల్టర్ లేకుండా రంగు వేసినా పాలిష్ పడితే మెరుపు వస్తుంది కదా అనేవారున్నారు. వస్తుంది, కానీ పాలిష్‌తో అరిగేది కష్టపడి వేసిన క్లియర్ కోటే. పైగా పీల్చిన తుంపరను ఏ పాలిష్ తీయలేదు. రెండు భాగాలు కలిపి వాడే టూకే రంగుల హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి, వాటి ఆవిరిని పెయింట్ స్టాప్ ఆపలేదు. బూత్ ఉన్నా పెయింటర్‌కు బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్ ఉండాల్సిందే. కాబట్టి ఫిల్టర్ కొనేముందు ఫ్యాన్ సామర్థ్యం, ఫ్రేమ్ కొలత, గరిష్ఠ ఒత్తిడి అంకె, ఈ మూడూ కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. ఆ అంకెలకు సరిపోని ఫిల్టర్ ఎంత గొప్పదైనా మీ బూత్‌కు పనికిరాదు.