అందరి ఆవం

అమెరికాలోని న్యూయార్కు నగరంలో గ్రీనిచ్ హౌస్ అనే సేవాసంస్థ వున్నది. పరదేశాలనుంచి వలస వచ్చిన బీదకుటుంబాలకు తోడ్పడటానికి మేరీ సింఖోవిచ్ అనే ఆమె, మరికొందరూ కలిసి 1902లో దాన్ని స్థాపించారు. 1909లో అక్కడ కుండల పని ఆరంభమయింది. 2009తో దానికి నూరేళ్లు నిండాయి. ఈనాటికీ జోన్స్ వీధిలోని ఆ పనిశాలలో పిల్లలూ, పెద్దలూ మట్టిపని నేర్చుకుంటున్నారు.

పదిమంది చేరి పనిచేసే ఇలాంటి చోట ఎవరి కుండ వారిదే. ఆవం మాత్రం అందరిదీ. చిక్కంతా అక్కడే వున్నది! తడి ఆరని కుండను ఆవంలో పెడితే ఏమవుతుంది? 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర దానిలోని నీరు ఆవిరిగా మారుతుంది. ఆవిరికి చాలా చోటు కావాలి. బయటికి దారి దొరక్క అది కుండను బద్దలు కొడుతుంది. పెంకులు ఎగిరి పక్క కుండలకు తగులుతాయి. ఒకరి తొందర పదిమంది శ్రమను పాడుచేస్తుంది.

అందుకే మన కుమ్మరులు కూడా కుండలను బాగా ఆరనిచ్చి, ఆ తరువాతనే ఆవంలో పేరుస్తారు. మొదట సన్నని సెగ పెట్టి, క్రమంగా మంట పెంచుతారు. వేడి సుమారు 600 డిగ్రీలు చేరేసరికి, మట్టిరేణువులలో కలిసిపోయి వున్న నీరు కూడా పోతుంది. ఇక ఆ కుండ తిరిగి బురద కాదు.

పిల్లలూ! బాగా ఎండిన బంకమట్టి వుండనూ, పాత కుండ పెంకునూ గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. కాసేపటికి ఏది మిగులుతుందో మీకే తెలుస్తుంది.